ఈతలో కాళ్ళ పని
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

చదువు గురించి పెద్దలు చాలా చెప్పారు. ఇక్కడ బెంగుళూరులో పిల్లలకు ఈత నేర్పేవాణ్ణి కనుక నేను ఈత గురించే మాట్లాడతాను. అందులోనూ ఒక్క విషయం: ఫ్రీస్టైల్‌లో కాళ్ళు ఆడించడం. దాన్నే ఫ్లటర్ కిక్ అంటారు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు కిక్‌బోర్డు చేతికిచ్చి కొలనులో వదిలాను. ఎంత గట్టిగా కాళ్ళు కొట్టినా ఉన్నచోటే ఉంది. కాసేపటికి మెల్లగా వెనక్కి రాసాగింది! గట్టు మీదివాళ్ళు నవ్వారు. నేనేమో "ఇంకా గట్టిగా కొట్టు" అని అరిచాను. ఆ రోజు ఏడ్చి వెళ్ళిన పిల్ల ఆరు నెలలు నీళ్ళ దగ్గరికి రాలేదు. తప్పు దానిది కాదు, నాది. నేల మీద నిలబడినప్పుడు పాదాలు ఎలా ఉంటాయో నీళ్ళలోనూ అలాగే పెట్టింది. అలాంటి పాదం నీళ్ళను ముందుకు నెడుతుంది, మనిషి వెనక్కి పోతాడు. నేను చూడవలసినవి చీలమండలు. చూసింది ఎగిరే నీళ్ళు.

కిక్ తుంటి దగ్గర మొదలవ్వాలి. ముందు తొడ కదలాలి, మోకాలు కొద్దిగా వంగి దాని వెంట రావాలి, చివర పాదం కొరడా కొసలా విదిలించుకోవాలి. మోకాళ్ళు బాగా మడిచి సైకిలు తొక్కినట్టు తొక్కితే తొడలే నీటికి అడ్డం పడతాయి. పాదాలు వెనక్కి చాచి వదులుగా ఉంచాలి. మడమలు నీటి పైభాగాన్ని తాకితే చాలు. రెండు పాదాల మధ్య ఎడం ఒక అడుగు, కాస్త అటూ ఇటూ.

చాలామంది పిల్లల కాళ్ళు మునిగేది బలం లేక కాదు, తల ఎత్తడం వల్ల. తల లేస్తే నడుము దిగుతుంది. చెరువుల్లో, కాలువల్లో నేర్చిన మన పెద్దలు తల పైకెత్తే ఈదేవారు, అక్కడ దారి చూసుకోవాలి కదా. కొలనులో ముఖం నీళ్ళలో పెట్టి కిందికి చూడాలి, ఊపిరి నీళ్ళలోనే వదలాలి.

ఫ్రీస్టైల్‌లో మనిషిని ముందుకు లాగేవి ఎక్కువగా చేతులే. తొడ కండరాలు పెద్దవి, త్వరగా ఆయాసం తెస్తాయి. అందుకే దూరం ఈదేవారిలో చాలామంది రెండు చేతులూ ఒక చుట్టు తిరిగేలోగా రెండే కిక్‌లు కొడతారు. 50, 100 మీటర్లవారు ఆరు కొడతారు. ఆరు కిక్‌ల ఈతకు పేరుపడ్డ ఇయాన్ థోర్ప్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ళకే 400 మీటర్ల స్వర్ణం గెలిచాడు, నిజమే. కానీ మొదటి నెలలోనే ఆయన్ను చూపించి పిల్లలను తొందరపెట్టకండి.

ఇంట్లో చేయగలిగినది ఒకటుంది. పాదాలు వెనక్కి చాచి వజ్రాసనంలో రోజూ ఒకటి రెండు నిమిషాలు కూర్చుంటే చీలమండలు వదులవుతాయి. మోకాలి నొప్పి ఉన్నవారు మానేయండి. కొలనులో మాత్రం శిక్షకుడు ఉన్నప్పుడే దిగాలి.

ఆరు నెలల తర్వాత మా అమ్మాయి తనంతట తానే వస్తానంది. ఒక్క షరతు, నేను దూరంగా మెట్ల మీద కూర్చోవాలి. కూర్చున్నాను. 25 మీటర్లు నెమ్మదిగా పూర్తిచేసింది. నీళ్ళు పెద్దగా ఎగరలేదు.