పై చదువు ఎవరి బాధ్యత?



తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది కలిమిగల కుటుంబం కాదు. ఆయన పై చదువులు విద్యార్థి వేతనాలతోనే సాగాయి. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు; 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. అత్తిమంజేరిపేట మగ్గాల ఇండ్లలోనూ ప్రతిభకు కొదువ లేదు. దానికి దారి చూపవలసినది ఎవరన్నదే ప్రశ్న.

అంగడికి వదలితే ఏమగునో తెలుగువారు చూచియున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే క్యాపిటేషన్ ఫీజును చట్టం నిషేధించింది. అయినను 1992లో ప్రైవేటు వైద్య కళాశాలలకిచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టివేయగా, ముఖ్యమంత్రియే రాజీనామా చేయవలసి వచ్చింది. సగం సీట్లను ప్రతిభను బట్టి తక్కువ ఫీజుకే ఇవ్వాలని 1993లో సుప్రీంకోర్టు చేసిన ఏర్పాటు 2002లో రద్దయింది.

తరువాత అక్కడి ప్రభుత్వమే ఫీజులు చెల్లించసాగింది. దానివలన ఎందరో పేదబిడ్డలు ఇంజనీర్లయ్యారు. ఆ మేలు కాదనరానిది. కాని ప్రజల సొమ్ము ప్రైవేటు కళాశాలలకు పోయింది. బకాయిలు నిలిచిపోయినప్పుడు సర్టిఫికెట్ల కొరకు తిరిగినది విద్యార్థియే.

ఫీజు కట్టుట వేరు, కళాశాల నడుపుట వేరు. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ తమిళ, ఆంగ్ల పాఠాల నడుమ మొదటి ఏడు తడబడును. ఆ బిడ్డకై సాయంకాలం ఒక ప్రత్యేక తరగతి కావలెను. లాభం లెక్కించు సంస్థ దానిని పెట్టదు. తిరుత్తణి ప్రభుత్వ కళాశాల పెట్టగలదు. అందుకు తగిన అధ్యాపకులను, వసతిగృహాన్ని ప్రభుత్వమివ్వాలి. ఫీజు రాయితీతోపాటు ఈ కోరికనూ తల్లిదండ్రులు అర్జీలో వ్రాయవలెను.