బైక్ మీద మూడు దేశాలు: లెక్క పెట్రోల్‌తో కాదు, బోర్డర్‌తో మొదలుపెట్టండి

 

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, బైక్ మీద ఫారిన్ వెళ్ళి రావాలంటే ఎంత అవుద్ది?" కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి, "జాబ్ మానేసి హైదరాబాద్ నుంచి లండన్ వెళ్దామనుకుంటున్నా, రెండు లక్షలున్నాయి, సరిపోతాయా?" అని కూడా అడుగుతున్నారు. ఈ రోజు ఈ రెండింటికీ పెన్నూ పేపరూ పట్టుకుని జవాబు చెప్పుకుందాం. ఇంజినీరింగ్ మ్యాథ్స్ అక్కర్లేదు, ఎనిమిదో తరగతి లెక్కలు చాలు.

ముందే ఒక మాట చెప్పేస్తా. ట్రిప్ బడ్జెట్ అనగానే మనం కిలోమీటర్లు, మైలేజీ, పెట్రోల్ రేటు గుణించేసి "ఓ ఇంతేనా" అనుకుంటాం. మన దేశంలో తిరిగినంతవరకు అది కరెక్టే. బోర్డర్ దాటాక మీటర్ మారిపోతుంది. ఒక చోట కిలోమీటర్‌కి ఖర్చు, ఒక చోట రోజుకి ఖర్చు, ఇంకో చోట రాత్రికి ఖర్చు. ఏ దేశంలో ఏ మీటర్ తిరుగుతుందో తెలిస్తే తక్కువ డబ్బుతో కూడా వెళ్ళి రావచ్చు. తెలియకపోతే ఎంత డబ్బున్నా చాలదు.

లండన్ ఎందుకు ఫస్ట్ ట్రిప్ కాకూడదు

మనవాళ్ళకి చేతకాదని కాదు. 2006లో విశాఖపట్నం నుంచి భరద్వాజ్ దయాల అనే ఆయన హీరో హోండా కరిజ్మా వేసుకుని ఒంటరిగా ప్రపంచం చుట్టడానికి బయల్దేరారు. సుమారు ఏడాదిన్నర తిరిగి, 2007లో వెనక్కొచ్చారు. మనం రోజూ రోడ్డు మీద చూసిన బండే అది. కాబట్టి బండి పెద్దదా చిన్నదా అన్నది అసలు సమస్యే కాదు.

సమస్య కాగితం. కార్నె అని ఒక పుస్తకం ఉంటుంది. పూర్తి పేరు కార్నె ద పాసాజ్. సింపుల్‌గా చెప్పాలంటే అది బండికి పాస్‌పోర్ట్. "ఈ బండిని మీ దేశంలో అమ్ముకోను, తిరిగి తీసుకెళ్ళిపోతా" అని హామీ. ప్రతి దేశంలో లోపలికి వెళ్ళేటప్పుడు ఒక స్టాంప్, బయటికి వచ్చేటప్పుడు ఒక స్టాంప్. ఏడాది చెల్లుతుంది. మన దగ్గర ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంస్థలు ఇస్తాయి. అయితే ఊరికే ఇవ్వరు, డిపాజిట్ గానీ బ్యాంక్ గ్యారంటీ గానీ అడుగుతారు. కొన్ని దేశాలకైతే ఆ మొత్తం బండి ధర కంటే ఎక్కువే ఉంటుంది. ఒక్క ఎగ్జిట్ స్టాంప్ మిస్ అయినా ఆ డబ్బు ఇరుక్కుంటుంది. ఏనుగు పోయి తోక చిక్కినట్టు అన్నమాట.

రెండోది దారి. మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన రోడ్డు ఉన్నట్టు కాదు. అటారీ-వాఘా దారిని 2025 ఏప్రిల్‌లో మూసేశారు. చైనా మీదుగా వెళ్ళాలంటే సొంత బండితో ఒక్కరే తిరగడం కుదరదు. వాళ్ళ గైడ్ కావాలి, వాళ్ళ పర్మిట్ కావాలి. అక్కడ ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. లేదంటే బండిని ఓడలో పంపాలి. అంటే మీ రెండు లక్షల్లో పెద్ద భాగం బండి చక్రం తిరగకముందే అయిపోతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? కార్నె అక్కర్లేని రెండు దేశాలు మన పక్కనే ఉన్నాయి. నేపాల్, భూటాన్. మనకి వీసా కూడా అవసరం లేదు. ఇండియాతో కలిపి మూడు దేశాలు, ఒకే లూప్.

రూట్

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ బోర్డర్. దాదాపు 1,500 కిలోమీటర్లు. అక్కడి నుంచి పోఖరా, తర్వాత ఖాట్మండు. ఖాట్మండు నుంచి హెటౌడా మీదుగా తూర్పు వైపు కాకర్‌భిట్టా బోర్డర్. అది దాటితే సిలిగురి. సిలిగురి నుంచి జైగావ్. జైగావ్‌లో రోడ్డుకి అవతల ఉన్న ఊరే భూటాన్‌లోని ఫుంట్‌షోలింగ్. అక్కడి నుంచి థింపూ, పారో. రిటర్న్‌లో సిలిగురి, కోల్‌కతా, భువనేశ్వర్, మన వైజాగ్, హైదరాబాద్. పక్కదార్లతో కలిపి 6,000 కిలోమీటర్లు వేసుకుందాం.

రోజులు ఇలా వేసుకోండి. వెళ్ళడానికి 4, నేపాల్‌లో 7, జైగావ్ చేరడానికి 1, భూటాన్‌లో 5 రోజులు అంటే నాలుగు రాత్రులు, రిటర్న్‌కి 5, చేతిలో ఖాళీగా 2. మొత్తం 24. ఆ రెండు ఖాళీ రోజుల్ని మాత్రం దేనితోనూ నింపొద్దు. వాటి పనేంటో ఇంకాసేపట్లో చెప్తా.

మూడు మీటర్లు

మొదటి మీటర్, కిలోమీటర్. బండి లీటర్‌కి 40 ఇస్తే 6,000 కిలోమీటర్లకి 150 లీటర్లు. లీటర్ 110 అనుకుంటే 16,500 రూపాయలు. ట్రిప్ మొత్తానికి పెట్రోల్ ఇంతే.

రెండో మీటర్, రోజు. ఇది నేపాల్‌లో తిరుగుతుంది. బోర్డర్‌లో కస్టమ్స్ ఆఫీసులో బండికి పర్మిట్ తీసుకోవాలి, దాన్ని అక్కడ భన్సార్ అంటారు. ఎన్ని రోజులు ఉంటారో అన్ని రోజులకి లెక్కకట్టి ముందే తీసుకుంటారు. బైక్‌కి పెద్ద మొత్తమేం కాదు. కానీ గడువు దాటితే ఫైన్. అందుకే 7 రోజుల ప్లాన్ ఉంటే 9 రోజులకి తీసుకోండి. మీ రెండు ఖాళీ రోజులు ఇక్కడ పనికొస్తాయి. కొండచరియ విరిగిపడి రోడ్డు ఆగిపోతే టెన్షన్ పడి రాత్రి పూట ఘాట్ దిగే అవసరం రాదు. రెండు రోజుల పర్మిట్ డబ్బులతో మీరు కొంటున్నది ప్రశాంతత. ఇంకోటి, సునౌలీలో ఎంటరై కాకర్‌భిట్టాలో బయటికి వస్తామని ఎంట్రీ దగ్గరే చెప్పి రాయించుకోండి. ఆ కాగితాన్ని ఆర్‌సీ కంటే జాగ్రత్తగా దాచుకోండి.

మూడో మీటర్, రాత్రి. ఇది భూటాన్. 2022 సెప్టెంబర్‌లో టూరిస్టులకి మళ్ళీ తలుపులు తెరిచినప్పటి నుంచి మన ఇండియన్స్‌కి ఒక్కో రాత్రికి 1,200 రూపాయల ఫీజు పెట్టారు. నాలుగు రాత్రులకి 4,800. ఇది ఓకే. అసలు దెబ్బ బండికి. మన బండిని ఫుంట్‌షోలింగ్ దాటించి లోపలికి తీసుకెళ్తే రోజుకి 4,500 అని అప్పుడే పెట్టారు. ఐదు రోజులకి ఎంత? 22,500.

ఒక్క నిమిషం ఆగి ఆ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. 6,000 కిలోమీటర్ల పెట్రోల్ 16,500. ఐదు రోజులు బండి భూటాన్‌లో ఉన్నందుకు 22,500. మైలేజీ 40 నుంచి 45కి పెంచుకోవాలని కార్బ్యురేటర్ ట్యూన్ చేయించుకునే మనం ఈ లైన్ గురించి ఆలోచించం. లెక్క బోర్డర్‌తో మొదలుపెట్టమంటున్నది ఇందుకే.

పరిష్కారం కూడా సింపుల్. జైగావ్‌లో లాడ్జి వాళ్ళతో మాట్లాడి బండి పెట్టేయండి. ఫుంట్‌షోలింగ్ నుంచి థింపూకి బస్సులున్నాయి, షేర్ ట్యాక్సీలున్నాయి. "బైక్ ట్రిప్‌లో బస్సెక్కడమేంటి అన్నా" అంటారు, తెలుసు. పారోలో టైగర్స్ నెస్ట్‌కి ఎలాగూ కొండెక్కాల్సింది కాళ్ళతోనే కదా! బండి లోపలికి తీసుకెళ్ళాలనే కోరిక బలంగా ఉంటే తీసుకెళ్ళండి, తప్పేం లేదు. కాకపోతే ఆ 22,500 బోర్డర్‌లో సర్‌ప్రైజ్‌గా కాకుండా ఇంట్లోనే మీ ఎక్సెల్ షీట్‌లో కనపడాలి. బయల్దేరే వారం ముందు రేట్లు అఫీషియల్ సైట్‌లో ఒకసారి చూసుకోండి, ఇవి మారుతుంటాయి.

కాగితాలు

రెండు దేశాలకీ పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి. ఆధార్ మీద ఆధారపడొద్దు.

ఇప్పుడు మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే సమస్య. బైక్ నడిపేది మనం, ఆర్‌సీ మాత్రం నాన్న పేరు మీద. ఊళ్ళో ట్రాఫిక్ పోలీస్‌కి అది పెద్ద విషయం కాదు. కస్టమ్స్ వాళ్ళకి పెద్ద విషయమే. ఓనర్ దగ్గర నుంచి నోటరీ చేయించిన అనుమతి పత్రం, ఆయన ఐడీ కాపీ తీసుకెళ్ళండి. బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ అడగండి. అది రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి నెల ముందే మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది బ్లాకర్. ఇది తేలకుండా మిగతా ఏ టాస్కూ కదలదు.

డబ్బు విషయానికొస్తే, నేపాల్‌లో మన 100 రూపాయలు వాళ్ళ 160. ఈ రేటు 1993 నుంచీ ఇలాగే ఉంది. వంద, అంతకంటే చిన్న నోట్లు ఎక్కువ పెట్టుకోండి. యూపీఐ భూటాన్‌లో 2021 నుంచి, నేపాల్‌లో షాపుల దగ్గర 2024 నుంచి ఉంది. కానీ ఘాట్ రోడ్డు మీద పంక్చర్ వేసే అతను క్యాషే అడుగుతాడు.

ఇన్సూరెన్స్: దీన్ని స్కిప్ చేయొద్దు

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోండి. మీ బైక్ పాలసీ మామూలుగా ఇండియా లోపలే పనిచేస్తుంది. బోర్డర్ దాటిన నిమిషం నుంచి బండికి ఇన్సూరెన్స్ లేనట్టే. పోఖరా దారిలో మీ బండి ఎవరికైనా తగిలితే, ఆ కుటుంబానికి కట్టాల్సింది మీ నాన్నగారి జేబులోంచి వస్తుంది.

దీనికి దారి ఉంది. మన మోటార్ పాలసీల్లో ఐఎమ్‌టీ 1 అనే ఎండార్స్‌మెంట్ ఉంటుంది. భౌగోళిక పరిధి పెంపు అన్నమాట. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు, ఈ ఆరు దేశాలకి పాలసీని పొడిగించుకోవచ్చు. మీ ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో "కవర్ అవుద్ది సార్" అన్న మాట క్లెయిమ్ టైమ్‌కి పనికిరాదు.

ఇది బండికి. మీ ఒంటికి ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే. అందులో టూ వీలర్ నడిపితే కవర్ ఉందా, ఎన్ని సీసీ వరకు, లైసెన్స్ షరతు ఏంటి, ఈ మూడూ చదవండి. యాభై పేజీల్లో ఈ మూడు లైన్లు చాలు.

టోటల్

రాసుకోండి.

పెట్రోల్ 16,500.
తిండి, రూమ్ సగటున రోజుకి 1,200 చొప్పున 24 రోజులకి 28,800.
భూటాన్ ఫీజు 4,800.
భన్సార్, బస్సు, ట్యాక్సీ, పార్కింగ్‌కి 5,000.
బయల్దేరే ముందు సర్వీస్, టైర్, చైన్ సెట్‌కి 8,000.
ఇన్సూరెన్స్‌కి 3,000.

మొత్తం 66,100. దీని మీద దాదాపు పాతిక శాతం, అంటే 16,500, వేరే అకౌంట్‌లో ఎమర్జెన్సీకి. కలిపితే 82,600. ఎమర్జెన్సీ డబ్బు మిగిలితే అది నెక్స్ట్ ట్రిప్ డబ్బు. దాంతో కొత్త హెల్మెట్ కెమెరా కొనేయొద్దు.

ఎప్పుడు వెళ్ళాలి

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నేపాల్ ఘాట్‌ల జోలికి వెళ్ళొద్దు. 2024 జులైలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియలు పడి, రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. బస్సులకే దిక్కు లేని చోట బైక్ ఎంత? అక్టోబర్, నవంబర్ బెస్ట్. లేదంటే మార్చి, ఏప్రిల్. అక్టోబర్‌లో వెళ్తే దశైన్ తేదీలు చూసుకోండి. మన దసరానే, వాళ్ళకి ఇంకా పెద్ద పండగ. ఊళ్ళకెళ్ళే జనంతో రోడ్లు నిండిపోతాయి, ఆఫీసులు మూస్తారు.

జాబ్ మానేయాలా?

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న. 82,600ని పది నెలలకి పంచితే నెలకి 8,260. పాతిక వేలు జీతం ఉన్నవాళ్ళకి ఇది కష్టమే, అసాధ్యం కాదు. పర్సనల్ లోన్ తీసుకుని మాత్రం వెళ్ళొద్దు. ట్రిప్ 24 రోజుల్లో అయిపోతుంది, ఈఎంఐ మూడేళ్ళు మీ వెనక సీట్లో కూర్చుంటుంది.

జాబ్ మానేయమని గానీ మానొద్దని గానీ నేను చెప్పను, అది మీ ఇల్లు, మీ బాధ్యతలు. కానీ 24 రోజుల సెలవుతో అయ్యే పనికి ఉద్యోగం బలివ్వాల్సిన పని లేదు. ఆర్నెల్ల ముందు మేనేజర్‌కి డేట్స్ చెప్పండి. ఈ లూప్ చేసి వచ్చాక కస్టమ్స్ అంటే ఏంటి, పర్మిట్ గడువు అంటే ఏంటి, రోజుకి 350 కిలోమీటర్లు నడిపితే నడుము ఏమంటుంది, ఒంటరిగా ఇరవై రోజులు ఎలా ఉంటాయి, అన్నీ మీకే తెలుస్తాయి. దూరపు కొండలు నునుపు. దగ్గరి కొండ ఎక్కాక కూడా లండన్ కావాలనిపిస్తే, అప్పుడు వేసే ప్లాన్ కలలా ఉండదు, లెక్కలా ఉంటుంది.

ఇంట్లో పర్మిషన్ అడిగేటప్పుడు కూడా "అందరూ వెళ్తున్నారు నాన్నా" అనకండి. ఈ షీట్ ప్రింట్ తీసి చూపించండి. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటా, ఇన్సూరెన్స్ పేపర్ ఇది, ఎమర్జెన్సీ డబ్బు ఈ అకౌంట్‌లో ఉంది అని. వాళ్ళ భయం బైక్ అంటే కాదు, మీకు ఏమైనా అయితే ఏం చెయ్యాలో తెలియకపోవడం. దానికి జవాబు కాగితం మీద ఉంటే సగం పని అయినట్టే.

మీ బండి ఏది, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, ఎన్ని రోజుల సెలవు దొరుకుతుంది, ఈ మూడూ కామెంట్లో రాయండి. కొన్నింటికి నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలిసి ప్లాన్ వేద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, బకిల్ కూడా పెట్టుకోండి. ఉంటా మరి, బై.