ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?



ఇవాళ పట్టా పుచ్చుకున్న యువ వైద్యులారా, ఓపీలో మీ ఎదుట కూర్చునే మనిషి ఒళ్లో ఓ ప్లాస్టిక్ కవరు ఉంటుంది. పాత చీటీలు, మడతలు పడ్డ ఎక్స్‌రే, అక్షరాలు వెలిసిపోయిన ఈసీజీ. అది బస్సులో మరిచిపోతే ఏళ్ల చరిత్ర పోయినట్టే. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ కవరు బెడద తీర్చగలదు. ఆ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, అంటే ఆభా, ఉండి, రోగి ఒప్పుకుంటే, ఒకచోటి రిపోర్టు మరోచోట తెరుచుకుంటుంది. పెనిసిలిన్ పడదన్న సంగతి కొత్త డాక్టరుకూ తెలుస్తుంది. చేయించిన పరీక్షే మళ్లీ చేయించే ఖర్చు తప్పుతుంది. నేను దీని పక్షమే.

అలాగని భయాలు లేవని కాదు. హ్యాకర్ల గొడవ మీకు తెలిసిందే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగాక అక్కడ రోజుల తరబడి పనులు చేత్తో రాసుకుని నడిపారు. పొరపాటు రోగనిర్ధారణ ఒకసారి రికార్డులోకి ఎక్కితే ప్రతి ఆసుపత్రికీ వెంటబడి వస్తుందన్నదీ నిజమే. కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రోగి ఇంట్లోనే ఉంది. రోగి ఒప్పుకున్నట్టు గుర్తు ఓటీపీ. అది ఎవరి ఫోనుకు వస్తోంది? ఒకే మొబైల్ నంబరు మీద ఇంట్లో ఒకరికి మించి ఆభా తీసుకోవచ్చు. చదువురాని అమ్మకు అది సదుపాయమే. కానీ భర్త నంబరుతో నమోదైన భార్య సంగతి? ఆమె గర్భస్రావం, హెచ్‌ఐవీ పరీక్ష, నిద్రపట్టక వేసుకునే మాత్ర, అన్నీ అతని చేతిలో ఉన్నట్టే. కంప్యూటరు మాత్రం ఆమే ఒప్పుకుందని రాసుకుంటుంది. కాగితాల కాలంలో ఆ చీటీని ఆమె బీరువాలో చీరల కింద దాచుకోగలిగేది.

అందుకే, వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమని, "ఈ నంబరు ఎవరిదమ్మా?" అని అడగండి. మనిషికి రెండు నిమిషాలు దొరకని ఓపీలో ఇదెక్కడ కుదురుతుందని వెనక వరసలో నవ్వుతున్నారు. నిజమే, ప్రతి జ్వరానికీ కుదరదు. సున్నితమైన రిపోర్టు ఆభాకు లింకు చేసేముందైనా అడగండి. ఆమె వద్దంటే కాగితం మీదే ఇచ్చి పంపండి. ఆభా స్వచ్ఛందం. అది లేదని ఎవరికీ వైద్యం ఆపకూడదు.