ఫ్రాన్సు పల్లె దేవాలయములు: మా సైకిలు ప్రయాణము

(విచారణ కుటుంబముల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉపన్యాసకులము కాము. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులము, భార్యాభర్తలము. మా అబ్బాయి లియోన్ నగరములో ఉద్యోగము చేస్తున్నాడు గనుక ఫ్రాన్సు దేశము చూసే భాగ్యము కలిగింది. బయలుదేరే ముందు ఆదివారము పూజ అయ్యాక మన పెద్దలలో ఒకరు మమ్మల్ని ఆపి, "మాష్టారూ, మనకు గురువులను పంపిన దేశములో ఇప్పుడు గుడులకు తాళాలు పడ్డాయట. నిజమో కాదో చూసి వచ్చి చెప్పండి" అన్నారు. ఈ ప్రసంగము ఆయనకు మేము బాకీ పడిన జవాబు. ఆయన అవునో కాదో చెప్పమన్నారు. మాకు అంత చిన్న జవాబు దొరకలేదు.

ఆయన అలా అడగడానికి కారణము ఉన్నది. 1846లో పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు అన్నెసీ నుండి విశాఖపట్నము వచ్చారు. 1849లో అదే అన్నెసీ నుండి పునీత జోజప్ప సభ మఠకన్యలు యానాము చేరారు. మనము మాటవరసకు "ఫ్రెంచి ఫాదర్లు" అంటాము గాని, అన్నెసీ ఉన్న సవోయ ప్రాంతము ఫ్రాన్సులో కలిసింది 1860లో. వారు వచ్చేనాటికి అది సార్దీనియా రాజ్యములోనిది. ఏమైనా, వారు పల్లెటూళ్ళ నుండి వచ్చినవారు, పల్లె గుడి గంట వింటూ పెరిగినవారు. ఆ గంటలు ఇంకా మోగుతున్నాయా అన్నదే మన పెద్దాయన ప్రశ్న.

అయితే మేము సైకిలు తొక్కినది అన్నెసీ వైపు కాదు. అక్కడ అన్నీ కొండలు. మా మోకాళ్ళు ఒప్పుకోలేదు. లియోనుకు ఉత్తరాన ఉన్న బుర్గుండీ ప్రాంతమును ఎంచుకున్నాము. కారులో తిప్పుతానని అబ్బాయి అన్నాడు. కారులో పోతే గుడి గోపురము కనబడుతుంది, మాయమవుతుంది. మాలో ఒకరు ఉద్యోగకాలమంతా బడికి సైకిలు మీదనే వెళ్ళినవారు. రెండవవారు పెళ్ళయిన తరువాత నేర్చుకుని, మళ్ళీ మరచిపోయి, అరవై దాటాక లియోన్ పార్కులో తిరిగి నేర్చుకున్నవారు. ఎవరు ఎవరో చెప్పనక్కరలేదు.

మే నెలాఖరున పాసింజరు రైలులో సైకిళ్ళు ఎక్కించుకుని, సోన్ నది ఒడ్డున తూర్నూ అనే చిన్న పట్టణములో దిగాము. అక్కడి పునీత ఫిలిబర్టు దేవాలయము ఒక వలస కథ. సముద్రతీరములోని న్వార్ముతియే ద్వీపములో ఉన్న మఠవాసులు వైకింగుల దాడులకు తాళలేక 836లో తమ పునీతుని అస్థికలు ఎత్తుకుని బయలుదేరారు. ఒకచోట కొన్నేళ్ళు, మరొకచోట కొన్నేళ్ళు ఉండి, 875లో తూర్నూ చేరారు. అంటే 39 ఏళ్ళు ఇల్లు లేని సంఘము. బయలుదేరినవారిలో చేరినవారు ఎందరు మిగిలి ఉంటారు? లోపల పెద్ద పెద్ద గుండ్రని స్తంభాలు తప్ప అలంకారము ఏమీ లేదు. 2002లో పనులు చేస్తుండగా బలిపీఠము వెనుక నడవలో నేల క్రింద నెలలను, రాశులను చూపే పాతకాలపు మొజాయిక్ బయటపడింది. ఎన్నో తరాలు దాని పైన నడిచి ప్రార్థనకు వెళ్ళాయి, క్రింద ఏమున్నదో తెలియకుండా.

తూర్నూ దాటితే రోడ్డు మాది. పావుగంటకొక కారు వస్తే గొప్ప. అది కూడా వెనుక ఓపికగా ఆగి, చాలా ఎడముగా దాటిపోతుంది. ఊరి బయట సైకిలుకు మీటరున్నర దూరము ఇవ్వాలని అక్కడి చట్టము. మన రోడ్ల మీద ముప్పై ఏళ్ళు తొక్కినవారికి ఈ మర్యాద మొదట భయము వేసింది, వెనుక బండివాడు ఏమి చేయబోతున్నాడో అని. ఇరువైపులా ద్రాక్షతోటలు, తరువాత పచ్చికబయళ్ళు, వాటిలో తెల్లని శారొలే జాతి ఆవులు. దారి మలుపు తిరిగితే ముందు గోపురము కనిపిస్తుంది, తరువాతే ఊరు. ఓజెనె దాటి, బ్రాన్సియోన్ కొండ ఎక్కేటప్పుడు దిగి నడిచాము. కొండమీది గుడిలో గోడచిత్రాలు వెలిసిపోయి ఉన్నాయి. అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. గాలి చలిగా ఉన్నది, ఆకలి వేస్తున్నది.

దిగువన శాపేజ్ ఊరు. రెండు వందలమంది కూడా లేని పల్లెకు 35 మీటర్ల గంటగోపురము. పదకొండవ శతాబ్దపు తొలినాళ్ళలో కట్టినది. లోపలి స్తంభాలు ఎంత లావో, అంత వాలి ఉన్నాయి, బరువు మోసి మోసి కాస్త పక్కకు ఒరిగిన ముసలివారిలాగా. తలుపు తీసే ఉన్నది. ఎవరూ లేరు. మేము తెచ్చుకున్న రొట్టె బయట గోడ మీద కూర్చుని తిన్నాము. పన్నెండు గంటలకు త్రికాల జపము గంట మోగింది. లేచి నిలబడి మరియతల్లికి వందనము చెప్పుకున్నాము. గంట కొట్టినది ఎవరా అని వెతికితే మనిషి లేడు, కరెంటు మోటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1905లో ఫ్రాన్సులో ప్రభుత్వానికి, మతానికి సంబంధము తెంచుతూ చట్టము వచ్చింది. దాని ఫలితముగా అప్పటికే ఉన్న పల్లె గుడులు చాలావరకు ఊరి పంచాయతీ ఆస్తి అయినవి. నేడు సుమారు 40,000 గుడులు అలా ఊళ్ళ చేతిలో ఉన్నాయి. గురువులు పూజ చేసుకోవచ్చు, విశ్వాసులు ప్రార్థించుకోవచ్చు; కప్పు కారితే బాగుచేయించేది మాత్రము పంచాయతీ. ఇది విన్నప్పుడు మాకు అన్యాయముగా తోచింది. తరువాత, గురువు లేని ఊళ్ళో కప్పు నిలిచి ఉండటానికి ఇదే కారణమేమో అని కూడా తోచింది. ప్రతి గుడి దగ్గరా, లేక పంచాయతీ ఆఫీసు ముందు, ఒక రాయి ఉంటుంది. 1914-18 యుద్ధములో చనిపోయిన ఆ ఊరి కుర్రవాళ్ళ పేర్లు దాని మీద చెక్కారు. ఆ యుద్ధములో ఫ్రాన్సు సుమారు 14 లక్షలమంది సైనికులను పోగొట్టుకున్నది. ముప్పై కుటుంబాలు ఉండే ఊళ్ళో కూడా పది పేర్లు, పన్నెండు పేర్లు, ఒకే ఇంటిపేరు మూడుసార్లు. మిగిలినవారి పిల్లలు పట్నాలకు వెళ్ళారు. గుడులు ఖాళీ కావడానికి విశ్వాసము తగ్గడము ఒక్కటే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పడము సులభము. ఆ రాళ్ళు చదివాక మేము అంత గట్టిగా చెప్పలేకపోతున్నాము.

కోర్మతాన్ దాటిన తరువాత, దారి తప్పి చేరిన ఒక చిన్న ఊళ్ళో గుడికి తాళము వేసి ఉన్నది. పెద్దాయన అడిగిన తాళము! తలుపు మీద అంటించిన కాగితము చూసి, తాళంచెవి ఎదురింట్లో ఉన్నదని తెలుసుకున్నాము. తలుపు తట్టితే ఎనభై ఏళ్ళ రైతు ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చారు. మాకు వచ్చిన ఫ్రెంచి నాలుగు మాటలు, ఆయనకు వచ్చిన ఇంగ్లీషు రెండు. మిగిలినది ఫోనులోని అనువాదముతో గడిచింది. జానెడు పొడవు ఇనుప తాళంచెవి తెచ్చి తలుపు తీశారు. లోపల ఊడ్చి ఉన్నది. మరియతల్లి పాదాల దగ్గర తోటపూలు తాజాగా ఉన్నాయి. పూజ రెండు నెలలకొకసారి, గురువుగారికి ఇలాంటి ఊళ్ళు ఇరవై పైగా ఉన్నాయట. ఆ గురువుగారు ఆఫ్రికా నుండి వచ్చినవారట. ఇండియా నుండి వెళ్ళిన గురువులు కూడా ఫ్రాన్సులో పలుచోట్ల ఉన్నారని మేము ఆయనకు చెప్పాము. మన దగ్గరకు 1846లో వచ్చినవారి సంగతి కూడా చెప్పాము. ఆయన చాలాసేపు విన్నారు.

"పూజకు మీరే గంట కొడతారా?" అని అడిగాము. కొడతానన్నారు. గడియారానికి కీ ఇస్తారు, పూలు పెట్టేది ఆయన కూతురు. "మీరు సత్ప్రసాదము తీసుకుంటారా?" అని అడిగితే తల అడ్డముగా ఊపారు. తనకు నమ్మకము లేదన్నారు. మా నాన్న గంట కొట్టాడు, నేను కొడుతున్నాను, గంట ఆగితే ఊరు చచ్చినట్టు ఉంటుంది అని దాని భావము.

బయటికి వచ్చి సైకిళ్ళు ఎక్కామో లేదో మా ఇద్దరికీ వాదము మొదలైంది. నమ్మకము లేని చేతిలో దేవుని ఇంటి తాళంచెవి ఉండి ఏమి ప్రయోజనము అని మాలో ఒకరు. నమ్మకమున్న మనము మన గుడిలో చీపురు ఎన్నిసార్లు పట్టుకున్నాము అని రెండవవారు. ఆ గుడి ఒక జ్ఞాపకచిహ్నమే గాని సంఘము కాదని ఒకరు. సంఘము మళ్ళీ వచ్చేదాకా దీపము చూస్తున్నాడు, అంతకన్నా ఏమి కావాలని ఇంకొకరు. ఈ వాదములో పడి ఒక మలుపు దాటిపోయి, మూడు కిలోమీటర్లు వెనక్కి తొక్కాము. మధ్యలో పంక్చరు కూడా.

సాయంత్రానికి టేజే చేరాము. టేజే పాటలు మనలో చాలామంది ఎరుగుదురు. స్విట్జర్లండు దేశపు ప్రొటెస్టెంటు బోధకుని కుమారుడు బ్రదర్ రోజర్ 1940లో, జనము లేక పాడుపడుతున్న ఈ పల్లెకు వచ్చి, యుద్ధకాలములో శరణార్థులకు ఆశ్రయము ఇచ్చారు. ఆ ఊళ్ళో పూజలు జరగని ఒక పాత కథోలిక గుడి ఉన్నది. అందులో ప్రార్థించుకోవడానికి ఆయన సోదరులకు 1948లో అనుమతి వచ్చింది. ఆ అనుమతి ఇచ్చినది పారిసులో పోపుగారి రాయబారిగా ఉన్న రొన్‌కల్లీ, తరువాత మన పోపు 23వ యోహాను. 1949 పాస్కలో మొదటి ఏడుగురు సోదరులు వ్రతము పట్టినది ఆ గుడిలోనే. తరువాత వచ్చే యువజనులకు చోటు చాలక 1962లో పెద్ద ఆలయము కట్టారు. 2005లో సాయంకాల ప్రార్థనలోనే మతిస్థిమితము లేని ఒకామె చేతిలో బ్రదర్ రోజర్ హతులయ్యారు. ఆయన సమాధి చిన్నగుడి ప్రక్కనే, పేరు చెక్కిన కొయ్య సిలువతో ఉన్నది. చీకటిపడ్డాక ఆ చిన్నగుడిలో కూర్చున్నాము. అక్కడ మా వాదము కాసేపు ఆగింది. తాళము పడిన గుడి తాళంచెవి ఎవరికి అందుతుందో 1940లో ఎవరు చెప్పగలిగి ఉండేవారు?

మరునాడు పాత రైలుదారి మీద వేసిన సైకిలు బాట పట్టాము. 1997లో తెరిచారు, ఆ దేశములో అటువంటి బాటలలో మొదటిది. పది కిలోమీటర్లలో క్లూనీ. 910లో ఆక్విటేన్ ప్రభువు విలియము స్థాపించిన మఠము. 1088లో మొదలుపెట్టిన దాని మూడవ దేవాలయము 187 మీటర్ల పొడవు. రోములో నేటి పునీత పేతురు దేవాలయము కట్టేవరకు క్రైస్తవలోకములో అంత పెద్దది లేదు. విప్లవము తరువాత 1798లో దానిని వ్యాపారులకు అమ్మారు. వారు రాయి రాయి విడగొట్టి అమ్ముకున్నారు. ఆ రాళ్ళతో గుర్రాలశాల కూడా కట్టారు. ఇప్పుడు నిలిచి ఉన్నది ఒక ప్రక్క భాగము, దాని మీద ఒక గోపురము. ఆ ఖాళీ స్థలములో నిలబడితే, పదిమంది రైతుల గుడి నిలిచింది, రాజులు పోషించిన గుడి పోయింది అన్న ఆలోచన రాక తప్పదు. కారణాలు చరిత్రకారులు వేరుగా చెప్పవచ్చు.

క్లూనీ దాటాక సుమారు 1,600 మీటర్ల పాత రైలు సొరంగము. చలికాలములో గబ్బిలాల కోసము దానిని మూసివేస్తారట. లోపల చలికి పళ్ళు కొట్టుకున్నాయి. బయటపడ్డాక బెర్జే-లా-వీల్ ఊళ్ళో చిన్న ప్రార్థనాలయము. సున్నము పూతల క్రింద గోడచిత్రాలు ఉన్నాయని 1887లో ఆ ఊరి గురువుగారు కనుగొన్నారు. సింహాసనముపై ప్రభువు, పేతురుకు గ్రంథపు చుట్ట అందిస్తూ. రంగులు నిన్న వేసినట్టు ఉన్నాయి.

అక్కడి నుండి మకోన్ చేరి రైలెక్కాము. సైకిలు అలవాటున్న మన యువజనులకు ఒక మాట: నైరుతి ఫ్రాన్సులోని లబస్తీద్-దార్మన్యాక్ దగ్గర 1959 నుండి "సైకిలు ప్రయాణికుల మరియతల్లి" గుడి ఉన్నది. పందెగాళ్ళు తమ చొక్కాలు అక్కడ వేలాడదీస్తారు. మేము వెళ్ళలేకపోయాము.

ఇక పెద్దాయనకు మా జవాబు. అయ్యా, కొన్ని గుడులకు తాళము ఉన్నది. మేము చూసినంతవరకు తాళంచెవి ఎదురింట్లో ఉన్నది. ఆ ఎదురింటాయన గురించి మేమిద్దరము ఇంతవరకు ఏకాభిప్రాయానికి రాలేదు.

ఆయన మమ్మల్ని సాగనంపుతూ ఒక కోరిక కోరారు. ఆ గురువులు 1846లో చేరిన ప్రాంతములో ఇప్పుడు గుడి ఎలా ఉన్నదో, అందులో మనుషులు ఎలా ఉంటారో చూడాలని ఉన్నదట. ఫోటో పంపితే తలుపు లోపల అంటిస్తానన్నారు. మాట ఇచ్చి నాలుగు నెలలైంది. కాబట్టి ఈ కూటము ముగిశాక దయచేసి ఎవరూ వెంటనే వెళ్ళిపోకండి. పెద్దలు క్రింది మెట్ల మీద, పిల్లలు ముందు, గంట కొట్టే అబ్బాయి మధ్యలో నిలబడాలి. వెలుతురు పోకముందే తీద్దాము.