కొర్రీలన్నీ ఒకేసారి



నిర్మాణంలో సిమెంటు వృథా అయితే కంటికి కనబడుతుంది. డ్రాయింగు ఆమోదం కాక బల్లమీద పడి ఉంటే ఆ వృథా ఎవరికీ కనబడదు. టయోటా ఇంజనీరు తాయిచి ఓనో వృథాను ఏడు రకాలుగా లెక్కించారు; వాటిలో ఎదురుచూపు ఒకటి. ఆ పద్ధతికే తర్వాత 'లీన్' అని పేరు వచ్చింది. 1992లో లౌరి కోస్కెలా దానిని నిర్మాణరంగానికి అన్వయించారు.

నలభై డ్రాయింగులు ఒకే కట్టగా వచ్చాయనుకోండి. ఒక్కొక్కటి చూడటానికి అరగంట. అన్నీ చూశాకే పంపితే మొదటిది కూడా 20 పనిగంటలు, అంటే రెండున్నర రోజులు ఆగాలి. పనివరుసను బట్టి ఐదేసి పంపితే పునాది డ్రాయింగులు రెండున్నర గంటల్లోనే బయటికి వెళతాయి. చూసేవారి శ్రమ అంతే. కడ్డీలు వంచే కూలీకి మాత్రం రోజుకూలి పోదు.

రెండోది, కొర్రీలన్నీ ఒకేసారి రాయాలి. ఇవాళ సంతకం లేదని, వచ్చేవారం కొలత కుదరలేదని తిప్పితే ప్రతిసారీ కాగితం వరుస చివరికి పోతుంది. పెన్షను కాగితాలతో తిరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

పరిశీలన తగ్గించమని నేననడం లేదు. పునాది లెక్క రెండుసార్లు చూడవలసిందే. బల్లమీద ఊరకే పడి ఉండే రోజులే తగ్గాలి. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఈ మాట చెబుదాం. సెలవు.