చౌక మోటారు సైకిలు: కొనుటయు, మార్చుటయు

(హోసూరు ప్రాంతపు తెలుగు తల్లిదండ్రుల సభలో సంఘము పక్షమున చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో చదువు, నడవడి, మాతృభాష అను విషయములపై ప్రసంగించుట వాడుక. ఈ యేడు మోటారు సైకిలును గూర్చి మాట్లాడుదుమని చెప్పగా కొందరు పెద్దలు నవ్విరి. నవ్వి త్రోసివేయదగిన విషయము కాదని మా మనవి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు సాయంకాలము ఫోనులలో చూచుచున్నదేమి? అమెరికాలో ఒక యువకుడు చీనాలో తయారైన చిన్న మోటారు సైకిలును పెట్టెలో తెప్పించుకొని, ఇంటి ముంగిట బిగించుకొని, పళ్లచక్రము మార్చి, కార్బురేటరు మార్చి, పొగగొట్టము మార్చి నడుపుట. చూచి ఊరకుండుట పిల్లల స్వభావము కాదు. నాన్నగారి బండిపై కన్ను పడును. అందుచేత ఆ బండి యెట్టిదో, ఆ మార్పులలో ఏది విద్యయో, ఏది వట్టి వేడుకయో, ఏది ప్రాణాపాయమో మనము తెలిసికొనవలసి యున్నది. తెలియక వద్దన్నచో పిల్లవాడు వినడు. తెలిసి వద్దన్నచో వినునేమో.

ఆ బండి చీనాలో తయారైనను దాని వంశకర్త జపానువాడు. 1958లో హోండా సంస్థ సూపర్ కబ్ అను చిన్న బండిని విడుదల చేసెను. దాని ఇంజను 50 సి.సి. లోపు, నాలుగు స్ట్రోకులది, సిలిండరు నిలువుగ గాక ముందు చక్రము వైపునకు పరుండి యుండును. ఆ పొందిక ఎంత గట్టిదనగా, 2017 నాటికి కబ్ బండ్ల తయారీ 10 కోట్లు దాటెను. ఇక చీనాలో చోంగ్‌చింగ్ అను నగరము కలదు. అచటి జియాలింగ్ అను ఆయుధ కర్మాగారము 1979లో మోటారు సైకిళ్ల తయారీకి దిగెను. 1992లో యిన్ మింగ్‌షాన్ అను నాయన అదే నగరమున లిఫాన్ సంస్థను స్థాపించెను. అంతకు ముందు ఆయనది పుస్తకముల వ్యాపారము. (పుస్తకములు అమ్మినవాడు ఇంజన్లు చేసెనని మన పిల్లలకు చెప్పుటలో తప్పులేదు.) ఆ నగరము చుట్టును ఒకరు పిస్టన్లు, ఒకరు గేర్లు, ఒకరు కార్బురేటర్లు చేయుచుండిరి. అందరును హోండా నమూనాల కొలతలనే అనుసరించుటచే, ఒక కర్మాగారపు భాగము మరియొక కర్మాగారపు బండికి సరిపోవు స్థితి ఏర్పడెను. చౌకదనమునకు ఇదియే మూలము. మార్పుల మోజునకును ఇదియే మూలము. ఏ భాగమును తీసి ఏ భాగమును పెట్టినను చాలవరకు ఇముడును గదా.

ఈ పద్ధతి యొక్క బలమును, బలహీనతను వియత్నాము దేశము కండ్లార చూచినది. 2000, 2001 సంవత్సరములలో చీనా బండ్లు, విప్పిన భాగముల రూపమున, అచటికి వెల్లువగ వచ్చినవి. అంతవరకు మోటారు సైకిలు కొనగల తాహతు లేని కుటుంబములు బండ్లకు యజమానులైనవి. హోండా సంస్థయే దిగివచ్చి 2002లో వేవ్ ఆల్ఫా అను చౌక బండిని అచట ప్రవేశపెట్టవలసి వచ్చెను. అయితే చీనా బండ్లు త్వరగ అరిగిపోవునను అపకీర్తియు అచటనే పుట్టెను. కొన్ని యేండ్లకు కొనువారు మరల జపాను పేర్ల వైపు మొగ్గిరి.

పిల్లలు ఫోనులలో చూచు బండి ఇంకను ఇటీవలిది. 2013లో హోండా వారు గ్రోమ్ అను 125 సి.సి. బండిని, 12 అంగుళముల బుడిచక్రములతో, అమెరికాలో ప్రవేశపెట్టిరి. అది మార్పులు చేయువారికి ముద్దుబిడ్డ అయ్యెను. దానిని పోలిన బండ్లను చీనావారు చేయగా, అచటి దిగుమతిదారులు వేడర్ మొదలగు పేర్లతో సుమారు సగము ధరకు అమ్ముచున్నారు.

మనకు దీనితో ఏమి పని అందురేమో. మన ముంగిళ్లలో నిలుచు స్ప్లెండర్ బండికిని ఆ చీనా బండికిని చుట్టరికము కలదు. 1985లో హీరో హోండా వారు తెచ్చిన సీడీ 100లోను, 1994లో తెచ్చిన స్ప్లెండర్‌లోను అమర్చినది కబ్ వంశపు పరుండు సిలిండరు ఇంజనే. సిలిండరు లోపలి వ్యాసము 50 మి.మీ., పిస్టను నడక 49.5 మి.మీ. ఈ రెండు సంఖ్యలనుండి 97.2 సి.సి. అను ఘనపరిమాణమును గట్టుట పదవ తరగతి లెక్కయే. కావున అమెరికా పిల్లవాడు పెట్టెలోని ఇంజనును గూర్చి చెప్పునది మన ఇంటి బండికిని చాలవరకు వర్తించును. మన పిల్లలు ఈ సంగతిని మనకన్న ముందే గ్రహించిరి.

సగము ధరకు వచ్చిన బండికి తక్కిన సగమును ఎవరు చెల్లింతురు? కొన్నవాడే చెల్లించును, డబ్బుతో గాక చేతిపనితో. ఈ మాటను పిల్లలకు అర్థమగునట్లు చెప్పవలెను. పెట్టె విప్పినప్పుడు ముందు చక్రము, హ్యాండిలు, అద్దములు, బ్యాటరీ వేరువేరుగ నుండును. వానిని బిగించుట సులభము. కర్మాగారమువారు బిగించి పంపినదానిని నమ్మకుండుట కష్టము. ఒక నట్టు వదులుగ నుండును. మరియొకటి మర చెడునంతగ బిగిసి యుండును. తెలిసినవాడు మొదట ఇరుసుల నట్లు, బ్రేకుల బోల్టులు, హ్యాండిలు పట్టీ, ఇంజనును చట్రమునకు పట్టియుంచు బోల్టులు, ఇవి యన్నియు విప్పి, ఎంత బలముతో బిగింపవలెనో చూపు టార్క్ రెంచితో మరల బిగించును. అదురునకు ఊడిపోవు వానికి మరపై జిగురు రాచును. ఫోనులో ఈ పని రెండు నిమిషములలో దాటిపోవును. నిజమున అది ఒక పూట పని. ఒక్కొక్కప్పుడు రెండు పూటలు.

తరువాత నూనె. క్రొత్త ఇంజనులో లోహములు ఒకదానినొకటి ఒరసికొని సన్నని పొడి రాలును. ఇట్టి చిన్న ఇంజన్లలో పెక్కింటికి కాగితపు వడపోత లేదు. ఒక తీగజల్లెడ మాత్రమే యుండును. అందుచే మొదటి నూనెను త్వరగ తీసివేయుదురు. తీసిన నూనెను వెలుతురులో పెట్టి చూచినచో వెండిపొడి వలె తళతళలాడును; ఏ పాఠ్యపుస్తకమును ఘర్షణను ఇంత స్పష్టముగ చూపదు. కవాటముల ఎడము ఇట్టి ఇంజన్లలో సాధారణముగ 0.05 మి.మీ.; అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు. దానిని ఇంజను చల్లగ నున్నప్పుడే పలుచని రేకుతో కొలువవలెను. వేడెక్కినచో లోహము వ్యాకోచించి కొలత తప్పును. టైర్ల రబ్బరు గట్టిదైనచో వానలో జారును. నెమ్మదిగ నడుపువారును ముందు టైర్లు మార్చుట అందుకే. బ్రేకు గొట్టములో గాలిబుడగ యున్నచో పిడి మెత్తగ లోనికి పోవును గాని బండి ఆగదు. ఇవియు మార్పులే, నిజమైన మార్పులు ఇవియే యని మా అభిప్రాయము. వీనికి చప్పట్లు కొట్టువారు లేరు.

పళ్లచక్రముల మార్పు కొంత మేలైన విద్య. ముందు చక్రమునకు 14 పళ్లు, వెనుకదానికి 42 పళ్లు అనుకొందము. ముందుది 3 సార్లు తిరిగిన వెనుకది ఒకసారి తిరుగును. ముందు 15 పళ్లది వేసినచో నిష్పత్తి 2.8 అగును. అదే వేగమునకు ఇంజను నూటికి సుమారు 7 పాళ్లు తక్కువ తిరుగును. చదునైన రహదారిపై రొదయు, అదురును తగ్గును. కాని డెంకణికోట దారిలోని మిట్టలపై ఇద్దరిని ఎక్కించుకొన్నచో గేరు తగ్గింపక తప్పదు. ఒకచోట వచ్చినది మరియొకచోట పోయినది. కార్బురేటరు సంగతియు అట్టిదే. పెట్రోలు పూర్తిగ కాలుటకు తూకమున 1 పాలు పెట్రోలునకు 14.7 పాళ్లు గాలి కావలెను. గాలి మించినచో ఇంజను వేడెక్కి ప్లగ్గు కొన తెల్లబడును; పెట్రోలు మించినచో మసిబారును; ఇటుక గోధుమ రంగు మంచిది. పొగ నియమములకై కర్మాగారము గాలి పాలు కొంచెము ఎక్కువగ నుంచును గనుక ఆ దేశపు యువకులు జెట్టు మార్తురు. పొగగొట్టమును గూర్చి ఎక్కువ చెప్పము. శబ్దము పెరుగును; బలము పెరిగినట్లు చెవికి తోచును. పెద్ద సిలిండరు తగిలించుట మరియు ప్రమాదకరము. ఇంజను బలము పెంచినను బ్రేకులు, చట్రము పాతవే గదా.

ఇంతవరకు ఆ దేశపు మాట. మన దేశమున చట్టము వేరు. మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను ప్రకారము తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టపరచెను. అదే యేటి సవరణచే, అనుమతి లేని ప్రతి మార్పునకు యజమానికి 5,000 రూపాయల జుల్మానాయో, ఆరు మాసముల వరకు ఖైదుయో, రెండునో విధింపవచ్చును. యజమాని యనగా మనమే. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరము జరిగినచో 199ఎ సెక్షను క్రింద తండ్రికిగాని, సంరక్షకునికిగాని, బండి యజమానికిగాని మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జుల్మానా. బండి నమోదు పన్నెండు మాసములు రద్దు. ఆ పిల్లవానికి 25వ యేడు వచ్చువరకు లైసెన్సు లేదు. పదునారేండ్లకు అనుమతింపబడినది 50 సి.సి. మించని బండి మాత్రమే. పరీక్షలలో మంచి మార్కులు వచ్చెనని తాళము చేతికిచ్చు తండ్రులు ఈ వాక్యములను మరల చదువ ప్రార్థన.

అట్లని బండిని తాకనీయకుండుట పరిష్కారము కాదు. నడపనీయకుడు, విప్పనీయుడు. ఈ హోసూరు నేలపై 1980లో టీవీఎస్ 50 తయారైనది. మన తండ్రులలో ఎందరో కర్మాగారములలోను, విడిభాగములు చేయు చిన్న పనిశాలలలోను పనిచేసినవారే. పగలంతయు మైక్రోమీటరు పట్టు చేయి ఇంటికి వచ్చి, కొడుకు పానా పట్టుకొన్నచో 'చదువుకో పో' అని కసరుచున్నది. కూతురు పట్టుకొన్నచో ఇంకను వింతగ చూచుచున్నది. ఫలితముగ మన పనితనము మన పిల్లలకు దక్కక, ఎచటనో అమెరికా ముంగిటనుండి ఫోను ద్వారా వారిని చేరుచున్నది. పిల్లలు 'లీన్', 'రిచ్' అను మాటలను వల్లించుదురు. గాలి మించిన ఇంజను ఏల వేడెక్కునని తెలుగున అడిగినచో తడబడుదురు. ఇది భాషాదోషము కాదు. చేతితో తాకని విషయము ఏ భాషలోను నోట నిలువదు.

కావున వచ్చు వేసవి సెలవులలో శనివారములందు పాఠశాల వెనుక షెడ్డులో, ఎనిమిదవ తరగతి మొదలు బాలబాలికలకు, ఒక ఇంజనును విప్పి మరల బిగించు పని నేర్పవలెనని సంఘము నిశ్చయించినది. రహదారిపై నడుపుట యుండదు. చట్టమునకు విరుద్ధమైన మార్పు ఏదియు చేయబడదు. వారమునకు ఒక్కరుగ పని తెలిసిన తండ్రులు రెండు గంటలు వచ్చినచో చాలును. తెలుగున చెప్పుట మాత్రము నియమము. పానాల పెట్టె ఒకటి సిద్ధముగ నున్నది. ఫీలర్ గేజి, టార్క్ రెంచి కొనవలసి యున్నది. పరుండు సిలిండరుగల పాత ఇంజను ఒకటి, పనిచేయకున్నను సరే, ఎవరి యింటనైన మూలబడి యున్నచో కార్యదర్శిగారికి తెలియజేయ ప్రార్థన. మోసికొని వచ్చు భారము మాది.