అతిథియంత్రమునకు చోటు



హైదరాబాదునకు ఉత్తరమున, నాగపురము పోవు రాజమార్గమును వెలుపలి వలయ రహదారి కలియు చోట కండ్లకోయ గ్రామమున్నది. ఒకప్పుడది మేడ్చలు దారిలోని చిన్న పల్లె. నేడచ్చట ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. 2022 ఫిబ్రవరి 17వ తేదీన ఐ.టి. పార్కునకు శంకుస్థాపన జరిగినది. ఇట్టి కళాశాలలలో చదువు మన పిల్లలు ఇంటికి వచ్చి, "తాతా, నేనొక యంత్రమును అద్దెకు తీసికొన్నాను, దానికి నాలుగు జీబీల మెమరీ ఇచ్చినారు" అని చెప్పుచుందురు. ఆ యంత్రమేదని యడిగిన చూపలేరు. లేదందమా, పని చేయుచునే యున్నది. ఇట్లు కంటికి కానరాని యంత్రమునకు చోటెట్లు లభించుచున్నది? ఆ యిచ్చుటలో మాట యెంత, చేత యెంత? ఇదియే నేటి విచారము.

ముందుగా పదముల యర్థము తేల్చుకొందము. కంప్యూటరు తాను చేయుచున్న పనికి వలయు అంకెలను, అక్షరములను అప్పటికప్పుడు నిలుపుకొను తావునకు మెమరీ యని పేరు. అది పెట్టెలో భద్రపరచిన దస్త్రము కాదు; లెక్క వేయువాని యెదుట నున్న పలక వంటిది. ఒక నిజమైన యంత్రములోనే పెక్కు యంత్రము లున్నట్లు కల్పించినచో, అట్టి కల్పితయంత్రమును వర్చువల్ మెషీన్ అందురు. నిజయంత్రమును హోస్టు అనియు, కల్పితయంత్రమును గెస్టు అనియు వారి పరిభాష. అనగా నొకటి ఆతిథేయి, మరియొకటి అతిథి. తిథినియమము లేక వచ్చువాడు అతిథి యని మన పెద్దలు చెప్పుదురు. ఈ యతిథియు నట్టివాడే. ఎప్పుడెంత కోరునో ముందుగా తెలియదు. చిక్కంతయు నిందే యున్నది.

ఈ విద్య నేటిది కాదు. అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వీఎం/370 అను పేర నిట్టి యేర్పాటును ప్రకటించెను. 2003లో ఫ్రాన్సు దేశీయుడగు ఫాబ్రీస్ బెల్లార్ క్యూఎమ్యూ అను అనుకరణసాధనమును వెలువరించెను. 2006లో అవి కివిటీ యను నాతడు కేవీఎం అను తోడుసాధనమును ప్రకటింపగా, 2007 ఫిబ్రవరిలో అది లినక్సు వ్యవస్థలో భాగమయ్యెను. అద్దెయంత్రముల వర్తకము మన సీమకును వచ్చినది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారు 2022 నవంబరు 22వ తేదీన హైదరాబాదు ప్రాంతీయ కేంద్రమును తెరచిరి.

ఇక నసలు విషయము. నాలుగు జీబీల యతిథిని నిలుపుమని క్యూఎమ్యూకు ఆజ్ఞ యిచ్చితిమనుకొందము. సామాన్యముగా నది లినక్సును కోరునది అంత పొడవుగల స్థానసంఖ్యల వరుసను మాత్రమే. లినక్సు సరేయని యొప్పుకొనును. ఆ క్షణమున నిజమైన మెమరీ దాదాపు రవ్వంతయు ఖర్చు కాదు. కాగితము మీద పట్టా పుట్టినది. పొలములో కాలు పెట్టినవాడు లేడు. పిమ్మట క్యూఎమ్యూ కేవీఎంకు మూడు సంగతులను తెలుపును: అతిథి లెక్కలో నీ భాగమెచ్చట మొదలగును, దాని పొడవెంత, ఆతిథేయి లెక్కలో నది యెచ్చట నున్నది. ఈ మూడును ఆ దాఖలాలోని ముఖ్యాంశములు.

అతిథి మాత్రము తన మెమరీ సున్న సంఖ్య నుండియే మొదలగుచున్నదనియు, అదంతయు తన సొంతమే యనియు భావించును. కుండలోని యాకాశము వేరు, మఠములోని యాకాశము వేరు అని తోచుచున్నను ఆకాశమొక్కటియే యని వేదాంతులు చెప్పు దృష్టాంత మిచ్చట చక్కగా నన్వయించును.

అయితే ఆ నాలుగు జీబీలును ఒకే చాపవలె పరచియుండవు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీ నాటి కట్టుబాటు ననుసరించి, 640 కేబీల మీదట ఒక ఎంబీ వరకు నున్న సంఖ్యలు తెర మున్నగు వాటికి విడువబడినవి. నాలుగు జీబీల గుర్తునకు దిగువను గూడ ఇతర పరికరములకై కొంత జాగా విడువవలెను. అందుచేత క్యూఎమ్యూ వారి పాతతరపు పీసీ నమూనాలో నాలుగు జీబీల యతిథికి మూడు జీబీలు ఆ గుర్తునకు క్రిందను, ఒక జీబీ దానికి పైనను అమరును. గ్రామపటమున బాటకును, వాగునకును, శ్మశానమునకును జాగా విడిచి పొలములు పంచినట్లే యిదియు. ఏది మెమరీ, ఏది కాదు అను పట్టికను అతిథి మేల్కొనగానే దాని చేతికిత్తురు.

ఇప్పుడు అతిథి తన మెమరీలో నొకచోట తొలిసారి వ్రాయబోయినదనుకొనుడు. మెమరీని 4096 బైట్ల పుటలుగా విభజించి లెక్కించుట వాడుక; నాలుగు జీబీలకు 10,48,576 పుటలు. అతిథి ముట్టిన పుటకు వెనుక నిజస్థానము లేదు. వెంటనే ప్రాసెసరు ఆగి, ఆతిథేయి వైపునకు మరలును. లినక్సు ఖాళీగానున్న పుట నొకదానిని వెదకి, దానిని సున్నలతో తుడిచి, అతిథి సంఖ్యకు జతపరచును. తుడువనిచో, మునుపు దానిని వాడినవాని రహస్యములు క్రొత్తవాని కంటబడును గదా! ఇదంతయు రెప్పపాటులో నూరవవంతునకంటెను తక్కువ కాలములో ముగియుటచే అతిథికి దీని జాడయే తెలియదు.

ఇందు రెండు పట్టికలు పనిచేయును. అతిథి లోపల దాని సొంత పట్టిక యొకటి. అతిథి సంఖ్యను నిజసంఖ్యగా మార్చు ఆతిథేయి పట్టిక మరియొకటి. ఇంటివారు తమ మళ్ళను చింతక్రింది మడి, గట్టుమీది మడి యని పిలుచుకొందురు. గ్రామలెక్కలో వానికి సర్వే నంబర్లుండును. అట్టిదే యీ భేదము. పూర్వమీ రెండింటిని కలిపి మూడవ పట్టికను ప్రోగ్రాములే తయారు చేయవలసి వచ్చెడిది. 2007లో ఏఎండీ వారును, 2008లో ఇంటెల్ వారును తమ ప్రాసెసర్లకే రెండు పట్టికలను చదువు నేర్పు నిచ్చుటచే నా శ్రమ తగ్గినది.

ముట్టినప్పుడే యిచ్చు నీ పద్ధతిలో లాభమున్నది, ప్రమాదమును గలదు. 64 జీబీల నిజమెమరీ గల యంత్రముపై నాలుగేసి జీబీల యతిథుల నిరువదిమందిని కూర్చుండబెట్టుడు. మాట యిచ్చినది 80, చేత నున్నది 64. అందరు నొక్కసారి తినరు గనుక పెక్కుదినములు సుఖముగా జరుగును. చెరువు క్రింది ఆయకట్టు సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. లెక్కలో నెన్ని యెకరములున్నను, తూములో పారునది చెరువులోని నీరే. ఆబీలో వానలు తోడుపడును. తాబీ వచ్చి నీరు తగ్గినప్పుడు గదా లెక్కకును నీటికిని గల తేడా బయటపడును!

ఆ కరవును దాటుటకు కొన్ని యుపాయములున్నవి. మొదటిది బుడగ. అతిథి లోపల నొక చిన్న ప్రోగ్రామును కూర్చుండబెట్టి, దానిచే మెమరీని కోరించి ఉబ్బింతురు. అట్లు చిక్కిన పుటలు ఆతిథేయికి తిరిగివచ్చును. 2002లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ అను పండితుడు వీఎంవేర్ వారి యంత్రముల విషయమున దీనిని వివరించి వ్రాసెను. రెండవది, పెక్కుమంది యతిథుల కడ నొకే తీరున నున్న పుటలను ఒకటిగా కలిపివేయుట. ఎవరైన మార్చి వ్రాయబోయిన వారికి వేరు ప్రతి నిత్తురు. ఇది 2009లో లినక్సున చేరినది. మూడవది, కొన్ని పుటలను డిస్కు మీదికి తరలించుట. ఇది కాలువ పారకున్నప్పుడు దూరపు బావినుండి మోట తోలినట్లు. పని సాగును గాని మిక్కిలి నెమ్మది.

ఇవియు చాలనప్పుడు లినక్సు కఠినమైన పని చేయును. ఎవరు మెమరీని ఎక్కువగా వాడుచున్నారో లెక్కగట్టి, సాధారణముగా వారినే నిలువున ముగించును. ఆతిథేయి దృష్టిలో అతిథియంత్రమంతయు నొక్క ప్రోగ్రామే. కావున దానిలోపల సహకారసంఘపు పద్దులు వ్రాయబడుచున్నను, విద్యార్థి యేడాది శ్రమ నడుచుచున్నను, అంతయు నొక్క దెబ్బతో ఆగిపోవును. ఇచ్చట నొక యన్యాయమును గమనింపుడు. లేనిదానిని మాట యిచ్చినవాడు నిలిచెను. ఇచ్చిన మాటను నమ్మి తన వంతు తిన్నవాడు పోయెను. భద్రపరుపని వ్రాతలు వానితోనే పోయినవి.

దీనికి మందు తైబందీయే. చెరువులో నీరెంత యున్నదో కొలిచి, అంతకే సాగు నిర్ణయించుట మన తెలంగాణపు పెద్దల నీతి. లినక్సులోను, కలిగినదానికి మించి మాట యీయని కట్టుదిట్టపు విధానమొకటి యున్నది. కాని దానిని కోరి యేర్పరచుకొనవలెను. క్యూఎమ్యూకును, అతిథి మేల్కొనక మునుపే పుటలన్నిటిని కేటాయింపుమని చెప్పవచ్చును. అప్పుడు ఆరంభము కొంత ఆలస్యమగును, అతిథులు తక్కువగుదురు; ఉన్నవారికి మాత్రము మెమరీ ముందే చేతబడును.

కావున మీ యింటి పిల్లలు అద్దెయంత్రము తీసికొన్నామని చెప్పినప్పుడు, ఇది మాకు తెలియని విద్య యని యూరకుండకుడు. మూడు ప్రశ్న లడుగుడు. ఇచ్చిన మెమరీ ముందే కేటాయించినదా, ముట్టినప్పుడిచ్చునదా? కొరత వచ్చినప్పుడు బుడగయా, మోటయా, ముగించుటయా? పద్దులను మధ్యమధ్య డిస్కుపై భద్రపరచుచున్నారా? రేపు వారే ఆతిథేయులై పదిమందికి యంత్రములను అద్దెకిచ్చు దినము వచ్చును. అప్పుడు వారికి వలయు వివేకము నీరు పంచి బ్రతికిన మీ కడనే యున్నది. లెక్క వ్రాయుటకు ముందు చెరువు చూడవలెనని వారికి చెప్పుడు.